బావ బిగించిన చోక్

నన్ను అడక్కుండా బండి చోక్ బిగించాడని మా బావ మీద నాకు నలభై ఏళ్ల కోపం. అది తీరకముందే మొన్న ఆదివారం పొద్దున్న ఆయన పోయాడు. మా అక్క మొగుడు. నేను చదివింది తక్కువ, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఉక్కు మిల్లు పనికి వలసొచ్చి, హిందీవాళ్ల మధ్య స్థిరపడ్డ బారిడీహ్‌లో మా రెండిళ్లకీ కలిపి ఒకటే మోటార్ సైకిల్. ఆయనదొక షిఫ్టు, నాదొక షిఫ్టు. చలికాలం ఇంజన్ అందుకోవాలంటే హ్యాండిల్ మీద ఎడమవైపున్న చోక్ మీట లాగి పట్టుకుని కిక్కు కొట్టాలి. వదిలితే కేబుల్ దాన్ని వెనక్కి లాగేసుకునేది. మిల్లులో నా ఎడమ చేతి బొటనవేలు నలిగి సగం పోయాక ఆ మీట లాగగలిగినా పట్టి ఉంచలేకపోయేవాణ్ణి. అక్క శాలువా కప్పుకొచ్చి పట్టుకునేది, నేను కొట్టేవాణ్ణి. క్వార్టర్ల లైన్లో వాళ్లు నవ్వేవారు.

"ఏటి, ఒక బండికి ఇద్దరు డ్రైవర్లా?"

ఇంక బండి ముట్టుకోను, డ్యూటీకి నడిచే పోతాననుకున్నాను.

అలా అనుకుంటూనే ఒక పొద్దున్న మీట లాగితే, లాగిన చోటే ఉండిపోయింది. అక్క బయటికొచ్చేసరికి ఇంజన్ ఆడుతోంది.

"బావా, దీనికేటి సేసినావు?"

"నానేటీ సేయలేదు. సలికి బిగిసిపోనాదేటో."

స్క్రూ విప్పి చూశాను. పాత చెప్పు తోలు గుండ్రంగా కోసి, మీట కింద వాషరులా పెట్టి బిగించాడు.

"ఈ తోలుముక్క సలికి పుట్టినాదా?"

"సెప్తే నువ్వు వద్దంతావు."

"అంతాను మరి!"

"అందుకే సెప్పలేదు" అని బీడీ ముట్టించుకున్నాడు.

చిక్కు ఆయనకే వచ్చింది. ఇదివరకు మీట తనంతట తనే వెనక్కి పోయేది. ఇప్పుడు చేత్తో తొయ్యాలి. ఆయనకి గుర్తుంటేనా! సాక్చి బజారు దాకా నల్లపొగ వదులుకుంటూ పోయేవాడు. ప్లగ్గుకి మసి పట్టి బండి ఆగిపోయేది. రోడ్డు పక్క కూర్చుని తుడుచుకుని, లేటుగా పోయి ఫోర్‌మన్ చేత తిట్లు తినేవాడు. లైన్లో పొగబండి అని పేరు పెట్టారు.

"ఆ స్క్రూ వదులు సేసీ బావా" అన్నాను.

"నా మతిమరుపు నాది. దానికి నీ సెయ్యేటి సేసినాది?"

మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు. రిటైరయ్యేదాకా పొగలోనే తిరిగాడు.

అడిగి చేయాల్సింది. ఇప్పుడూ అదే అంటాను. నా కోసం అంత చేసిన మనిషి ఇంకొకడు లేడు. అదీ అంటాను.

బండి వాళ్లింట్లో మెట్ల కింద ఉంది. నిన్న వెళ్లేసరికి అక్క తడిగుడ్డతో దాని సీటు తుడుస్తోంది. మేనల్లుడు పాత ఇనుము కొనే కబాడీవాడితో మాట్లాడాడట.

"మామా, అబ్ కౌన్ చలాయేగా?" అన్నాడు, ఇంకెవరు నడుపుతారని.

నడుపుతానని నేనన్నానా? నా వరండాలో పెట్టుకుంటాను.

ఒరే అల్లుడూ, నీకు తెలుగు చదవడం రాదు. మీ అమ్మ చదివి వినిపిస్తుంది. పెద్దకర్మ రోజు, భోజనాలు కాకముందే నాకు జవాబు కావాలి. బండి నాకిస్తావా, ఇవ్వవా?