బెల్లం తినని వాళ్ళు

నిన్న ప్రొద్దుటూరు బజారులో ఒక అంగడి ముందు బెల్లం దిమ్మెను పగలగొడుతున్నారు. ఆ తీపి వాసన తగలగానే ఎర్రగుంట్లలోని మా ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి గది, మా సుగుణ టీచర్ గుర్తొచ్చారు.

మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు లారీలకెత్తేవాడు. ఇంటికి రాగానే గడప మీద కూర్చుని బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడు. బెల్లం తింటే ఊపిరితిత్తుల్లోని దుమ్మంతా కడుక్కుపోతుందని అక్కడ అందరి నమ్మకం. ఆ ధైర్యంతోనే మాస్కు కట్టుకునేవాడు కాదు. దగ్గు మాత్రం ఆయన్ను వదల్లేదు.

ఒకరోజు టీచర్ గాలి గురించి పాఠం చెబుతుంటే నేను లేచి ఈ బెల్లం సంగతి గొప్పగా చెప్పాను. ఇంకొకరైతే అవుననో తప్పనో చెప్పి కూర్చోబెట్టేవారు. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి అడిగారు.

"అట్లనా! బెల్లం తినని వాళ్ళు గూడా ఆడ పని చేస్తాంటారు గదా. వాళ్ళకంటే మీ నాయనకు దగ్గు తక్కువుండాదా?"

"తెలీదు టీచర్."

"అయితే మీ నాయననే అడుగు."

అడిగాను. నాన్నకు కోపం వచ్చింది. మరునాడు పనికి పోతూ నేరుగా బడికొచ్చాడు. "ఏం టీచరమ్మా, పెద్దోళ్ళ మాట నమ్మొద్దని నేర్పిస్తాండారా పిల్లోళ్ళకు?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

టీచర్ కుర్చీ జరిపి, "కూచోన్నా. నమ్మొద్దని చెప్పలే, అడగమని చెప్పినా" అన్నారు. తర్వాత మా వైపు తిరిగారు. "తిన్న బెల్లం యాడికి పోతాది?"

"కడుపులోకి!" అని అరిచాం.

"పీల్చిన దుమ్ము?"

"ఊపిరితిత్తుల్లోకి!"

"మరి కడుపులో ఉండే బెల్లం ఆడికెట్ల పోయి కడుగుతాది?"

నాన్నే గొంతు తగ్గించి, "మాతో బస్తాలెత్తే, బెల్లం ముట్టని సుబ్బన్నకూ నా మాదిరే దగ్గుండాది" అన్నాడు. టీచర్ గెలిచినట్టు నవ్వలేదు. "తియ్యగుంటాదని తినన్నా. మాస్కు మాత్రం కట్టుకో. ఒకసారి ఆస్పత్రిలో చూపించుకో" అన్నారు.

నాన్న చూపించుకున్నాడు, మందులు వాడాడు, మాస్కు కట్టాడు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ శానా తగ్గింది. "మా పాప అడిగిన మాటకే ఆస్పత్రికి పోయినా" అని తోటివాళ్ళతో చెప్పుకునేవాడు.

అంతకంటే నాకు గర్వంగా ఉండేది మరో సంగతి. ఆ వానాకాలంలో టీచరే, "పెరుగన్నం తేవాకండి, జలుబు చేస్తాది" అన్నారు. నా నోరు ఊరుకోలేదు. "మీకెట్ల తెలుసు టీచర్? పెరుగు తినకపోతే జలుబు రాదా?" అనేశాను. ఆమె ముఖం ఎర్రబడింది. తర్వాత నెమ్మదిగా, "మాయమ్మ చెప్పింది. నేనెప్పుడూ అడగలేదు. సరే, చూద్దాం" అన్నారు. పెరుగు తెచ్చేవాళ్ళనూ తేనివాళ్ళనూ ఆ నెలంతా గమనించాం. రెండు వైపులా తుమ్ములే. "నా మాట నిలబడలేదు. తెచ్చుకోండి పెరుగన్నం" అని అందరి ముందూ ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళు అలా ఒప్పుకోవడం నేను చూడడం అదే మొదలు.

ఇప్పుడు నేను మైదుకూరు దగ్గర ఒక బడిలో మూడో తరగతికి చెబుతున్నాను. పిల్లలు నన్ను నిలదీస్తే ముందు కోపమే వస్తుంది. అది దిగేదాకా ఆగుతాను, తెలియకపోతే తెలియదంటాను. మొన్న ఒక తల్లి, జ్ఞాపకశక్తి పెంచుతుందన్న పొడి డబ్బా కొనబోతే, మా తరగతిలో చదివే ఆమె కూతురు అంగట్లోనే అడిగిందట, "ఇది తాగనోళ్ళకు పాఠాలు గుర్తుండవా?" అని. ఆ తల్లి నాకు ఫిర్యాదు చేసింది. నేను సుగుణ టీచర్‌కు ఫోన్ చేసి చెప్పాను. అవతలి వైపు నుంచి చాలాసేపు నవ్వే వినిపించింది.

ఆ తర్వాత, "ఆ పిల్ల పేరేంది?" అన్నారు.