నాట్లు ఆగిన రోజు

నా ఆఖరి పోస్టింగు వేములపల్లి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. నేను కోదాడ మనిషిని; సూర్యాపేటలో ఏఎన్ఎంగా చేరి, సూపర్‌వైజర్నై అక్కడ తేలాను. ఆ వానాకాలం కాలువకు నీళ్లు వదిలే ముందు ఉత్తర్వు వచ్చింది: ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయాలి. యంత్రమేదో ఉంటుందనుకోకండి. పరదా వెనక ఏఎన్ఎం వేళ్లతో తడిమి చూస్తుంది. గడ్డ తగిలితే మిర్యాలగూడ పెద్దాసుపత్రికి పంపుతాం. అక్కడ సూది పరీక్షతో తేలుస్తారు.

మా జిల్లా అధికారికి ఆడవాళ్లు ఎందుకు రారో బాగా తెలుసట. అవగాహన లేదట. అందుకని బస్టాండు దగ్గర, సరిగ్గా చాయ్ హోటల్ ఎదురుగా టెంటు వేయించి గులాబీ బుడగలు కట్టించాడు. ఫ్లెక్సీ మీద ఆయన మొహం తలుపంత, రోగం పేరు తపాలా బిళ్లంత. మైకులో 'రొమ్ము' అన్నప్పుడల్లా హోటల్లో మగవాళ్లు చాయ్ ఆపి మరీ విన్నారు, అవగాహన అంతా వాళ్లకే వచ్చింది. ఆడవాళ్లలో వచ్చింది మా ఆశా కార్యకర్తలు, మోకాలినొప్పి మాత్రల కోసం ఒక ముసలమ్మ.

వారం తిరక్కముందే సైదమ్మ తన కూలీల ముఠానంతా వెంటబెట్టుకుని మా కేంద్రానికి వచ్చింది. ఊళ్లో నాట్లు గుత్తకు పట్టే మేస్త్రి ఆమె. "పక్కూరి ముఠాల ఒకామె రైక కింద దాసి దాసి సచ్చిపోయింది నర్సమ్మా. నా పిల్లలను ఒక్కొక్కలను సూడు" అంది. గుమ్మంలో నిలబడి అందరినీ లోపలికి తోసింది. తను మాత్రం రాలేదు. అడిగితే, "నేను మంచం పడితే ముఠా చెదిరిపోతది. నాట్లయినంక సూద్దాం తియ్" అంది.

పరదా వెనక లచ్చమ్మ అనే కూలీ నా చెవిలో చెప్పింది, సైదమ్మక్కకు చంక దగ్గర గడ్డ ఉందని, నారు కట్టలు ఎత్తేటప్పుడు పళ్లు బిగబట్టుకుంటుందని. నేను ఎంత చెప్పినా సైదమ్మ వినలేదు.

మర్నాడు పొద్దున్నే పటేల్ ఫోన్. ఊళ్లో పెద్ద రైతు. అంతకుముందు ఆయన భార్యను పరీక్షకు అడగడానికి వెళ్లిన మా ఏఎన్ఎంను, "మా ఇంట్ల గసుంటి రోగాలు రావు" అని గేటు దగ్గరి నుంచే పంపించేసిన మహానుభావుడు.

"ఏం నూరిపోసినవమ్మా ఈళ్లకు? అందరు ఒడ్డు మీద కూసున్నరు. సైదమ్మ సూపిచ్చుకునేదాక మడిల దిగరంట. అవతల నారు ముదురుతున్నది, ఇంకొన్ని దినాలైతే నాటుకు పనికిరాదు."

మందు మీ చేతిలోనే ఉంది, కారు తీయండి అన్నాను. తీశాడు. వెనక సీట్లో సైదమ్మ మిర్యాలగూడ దాకా ముఠాను తిట్టుకుంటూనే వచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆసుపత్రి వరండాలో పటేల్‌తో, మీ ఇంట్లో ఆవిడను కూడా తీసుకురావాల్సింది అన్నాను. "ఆమెకేం పని, ఇంట్లనే ఉంటది కదా" అన్నాడు. ఆ వైద్యశాస్త్రం నేను చదువుకోలేదు.

గడ్డ క్యాన్సరే, కానీ చిన్నది. ఆపరేషన్ అయింది. మరుసటి వానాకాలానికి సైదమ్మ ఒడ్డు మీద నిలబడి నాట్లు వేయిస్తోంది, వంకర సాలు కనిపిస్తే నోరు మునుపటిలాగే లేస్తోంది. సమీక్షా సమావేశంలో మా అధికారి ఇదంతా బుడగల మహిమేనని తేల్చి, ఈసారి ఇంకా పెద్దవి కట్టమన్నాడు.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇంతే. ఆడదాన్ని పరీక్షకు తెచ్చేది ఫ్లెక్సీ కాదు, పక్క సాలులో నాటేసే ఇంకో ఆడది. మగవాడు కారు తీయాలంటే నారు ముదరాలి. నేను రిటైరయ్యేనాటికి ఆ ముఠాలో పరీక్ష చేయించుకోనివాళ్లు లేరు. పటేల్ భార్య మాత్రం రాలేదు. ఆవిడ కోసం పని మానేసి ఒడ్డు మీద కూర్చునేవాళ్లు ఎవరూ లేరు.