అవ్వ కొంగుకు వేసిన ముడి

మొన్న బాన్సువాడ బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో బీడీల చాట ఉంది. ఆ పొగాకు వాసనకు మా పక్కింటి అవ్వ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. మేం చర్చికి పోయేవాళ్లం, అవ్వ గుడికి పోయేది. ప్రభువు మళ్లీ వచ్చినప్పుడు విశ్వాసులు మేఘాల్లోకి ఎత్తబడతారని, అన్యజనులు కిందే మిగిలిపోతారని సండేస్కూల్లో నాకు అర్థమైంది. ఆ సాయంత్రం అవ్వ మా అరుగు మీద బీడీలు చుడుతుంటే, ఆమె కొంగును నా గౌను నాడాకు గట్టిగా ముడేశాను.

"ఏందే గిది?" అంది అవ్వ.

"నువ్వు అన్యజనం గద అవ్వా. నేను పైకి పోతుంటె నువ్వు గూడ రావాలె."

చెప్పులు విప్పుతున్న నాన్న నవ్వాడు. "యూదులు కానోళ్లందరు అన్యజనులే బిడ్డా. మనం గూడ. మనల్ని తర్వాత తన జనంల చేర్చుకుండు దేవుడు."

చివరి మాట నా చెవికెక్కలేదు. రోజూ ప్రార్థన చేసే నాన్న, పాటలు పాడే అమ్మ, నేను, అందరం అన్యజనులమేనా?

అవ్వ ముడి విప్పబోయింది. ఆమె చేయి పట్టుకుని ఆపాను.

"ఉండనియ్ అవ్వా."

అవ్వను వదిలిపోకుండా వేసిన ముడి అది. ఇప్పుడు నేనూ కిందే మిగిలిపోతే, అవ్వ నన్ను వదిలిపోకుండా ఉంచుకున్నాను.