పాలగిన్నెలో నిమ్మకాయ

ఈ ఉదయం మిల్క్‌షేక్ చేసి మిక్సీ మూత తీయగానే పుదీనా వాసన గుప్పుమంది. మాకు బర్రెపాలు పోసిన లక్ష్మక్క గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బహదూర్‌పల్లి కాలనీలో ఉండేవాళ్లం. అమ్మ బయటికెళ్లగానే పుదీనా మిల్క్‌షేక్ చేద్దామని నోటుబుక్కులో రాసుకున్నాను: అర లీటరు పాలు, పన్నెండు పుదీనా ఆకులు, నాలుగు చెంచాల చక్కెర, ఒక నిమ్మకాయ. పుదీనా షర్బత్‌లో నిమ్మరసం ఉంటుంది కాబట్టి ఇందులోనూ ఉండాలనుకున్నాను. ముందు దాన్నే పాలగిన్నెలో పిండాను. పాలు విరిగిపోయాయి. భయపడి పుదీనా, నిమ్మచెక్కలు గోడవతల పారేశాను.

మర్నాడు అమ్మ గేటు దగ్గరే అడిగింది.

"లక్ష్మీ, నిన్న పాత పాలు కలిపావా? గిన్నెడు పాలూ విరిగిపోయాయి."

"నా బర్రె మీదొట్టమ్మా! పిండినవి పిండినట్టే తెచ్చిన." లక్ష్మక్క నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు బిడ్డా, నా పాలు ఎన్నడన్న ఖరాబైనయా?"

"ఏమో" అన్నాను.

పాల కోసం గిన్నెలతో నిలబడ్డ పక్కింటివాళ్లు అది విన్నారు. వారం తిరగకుండా మా వీధంతా ప్యాకెట్ పాలకు మారింది.

నేను అబద్ధమైతే ఆడలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.