కోతకు రాని కొత్తిమీర

మా ఆకుకూరల మేడంకి ఒకే ఒక్క పిచ్చి. మనిషి మొహం కూడా సరిగ్గా కనిపించని చోట మొక్కలు పెంచాలి, పెంచి వాటిచేత ఆఫీసు రూల్సన్నీ పాటింపజేయాలి. రూల్సన్నీ మొక్కలకే సరిపోయేవి గనక మా దాకా వచ్చేవి కావు. అందుకే ఆవిడ కింద మేమంతా హాయిగా బతికాం.

నీటి సరఫరా ఆఫీసులో మాది పాత రికార్డుల సెక్షన్. భవనం అడుగున, నేలమాళిగలో ఉండేది. పైకప్పుకి ఆనుకుని ఒక్కటే వెంటిలేటరు. అందులోంచి వీధిలో నడిచేవాళ్ల పాదాలు తప్ప ఇంకేమీ కనబడవు. చెప్పులు తడిసి ఉంటే వాన, దుమ్ముకొట్టుకుని ఉంటే ఎండ అని మేం వాతావరణం తెలుసుకునేవాళ్లం. అలాంటి గదిలో మెంతికూర, పుదీనా, ఉల్లికాడలు ట్యూబ్‌లైట్ల కింద వరసగా కొలువు తీరాయి. నా బల్ల మీది ట్యూబ్‌లైటు కూడా ఊడదీయించి మేడం మెంతికూర నెత్తిన పెట్టించారు.

“నేనేం చూసి రాయాలండీ?” అన్నాను లబోదిబోమంటూ.

“నీ ఎదుగుదల ఆగిపోయి చాలాకాలమైంది నాయనా. మెంతికూర ఇంకా ఎదగాలి” అన్నారు.

పొద్దున్నే హాజరు ఉండేది. మాకు కాదు. మేడం “పుదీనా!” అని పిలిస్తే దాని పక్కన కూర్చున్నవాళ్లు “వచ్చిందండీ” అనాలి. ఆకు వాడితే సిక్ లీవు. కుండీ చోటు మారిస్తే బదిలీ. వెలుతురు కోసం మెడ సాచి సాచి, సన్నగా పొడుగ్గా పెరిగి, ఒక్క పువ్వయినా పూయని టమాటా మొక్క చేరిన నాటినుంచీ ప్రొబేషన్‌లోనే ఉంది.

“పాపం, దాన్ని పర్మనెంట్ చేసెయ్యండి మేడం” అని మా టైపిస్టమ్మ సిఫారసు చేసింది.

“పని చూపించకుండానా? నిన్ను చేసి అనుభవిస్తున్నాను, చాలదూ?”

ఓసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు ఏదో ఫైలు కోసం బీరువా కింది సొరుగు లాగారు. లోపల తడి గడ్డి మీద తెల్లగా, గుంపుగా పుట్టగొడుగులు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

“ఏమిటివి?”

“పెండింగండీ” అన్నారు మేడం తొణక్కుండా.

“పెండింగా?”

“చీకట్లో పెట్టి మరిచిపోతే పెరిగేవి అవేగా సార్!”

ఆయన సొరుగు మెల్లగా మూశారు. వెళ్లేటప్పుడు ఆయన చేతిలో ఓ పుట్టగొడుగుల పొట్లం కూడా వెళ్లింది. తనిఖీ రిపోర్టులో మా సెక్షన్‌కి ఏ మచ్చా రాలేదు.

ఇలా ఉండగా మ్యాపుల మాస్టారు మా గదికి దిగారు. ఊళ్లో నీటి గొట్టాలు ఎక్కడెక్కడ పోతున్నాయో పై అంతస్తులో కూర్చుని చేత్తో పటాలు గీసిన మనిషి. ఆ పని కంప్యూటర్లు అందుకోవడంతో ఆయన్ని కిందికి పంపేశారు. వచ్చిన రోజునుంచీ కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. తిన్నారా అంటే తల ఊపేవారు గానీ డబ్బా మూత తీసేవారు కాదు. వారం తిరక్కుండానే రాజీనామా కాగితం తెచ్చి మేడం ముందు పెట్టారు.

“నాతో ఇక్కడ ఎవరికీ పని లేదండీ. దీన్ని పైకి పంపించెయ్యండి.”

మేడం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “అలా కుదరదు మాస్టారూ. మా సెక్షన్‌లో చేరినవాళ్లు ఒక్క పంటైనా తీసి, చార్జి అప్పగించి మరీ వెళ్లాలి. రూలు.”

“ఎక్కడుందండీ ఆ రూలు?”

“నా నోట్లో ఉంది. ఇవిగో ధనియాలు, ఇదిగో కుండీ. కొత్తిమీర కోసి నా చేతిలో పెట్టండి, ఆ మరుక్షణం మీ కాగితం పైకి పోతుంది.”

మాస్టారు విసుక్కుంటూనే ధనియాలు నలిపి చల్లారు. ఎంతలే, కొన్ని వారాలు ఓపిక పడితే విముక్తి అనుకుని ఉంటారు.

కొత్తిమీర మొలిచింది. రెండాకులు వేసింది, నాలుగాకులు వేసింది. ఇక కోతకు వస్తుందనుకునేసరికి మళ్లీ రెండాకుల దగ్గర నిలబడింది. నెలలు గడిచాయి. పక్కన మెంతికూర కోశాం, మళ్లీ విత్తాం, మళ్లీ కోశాం. మాస్టారి కొత్తిమీర మాత్రం పసితనం వదల్లేదు.

“ఏమిటండీ ఇది, ముందుకు పోవడం మానేసి వెనక్కి పోతోంది?” అంటూ ఓరోజు ఆయన కుర్చీ మావైపు తిప్పారు. మేం పలకరించకుండా తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు.

“వెలుతురు చాలట్లేదేమో. ఈ గదిలో ఎక్కడెంత వెలుతురుందో ఎవరికి తెలుసు!” అన్నారు మేడం.

మర్నాడు మాస్టారు పెన్సిళ్లు చెక్కుకుని వచ్చి గదికి వెలుతురు పటం గీయడం మొదలుపెట్టారు. ఏ బల్ల మీద ఎంత పడుతుంది, ఏ గోడ దగ్గర ఎంత, వెంటిలేటరులోంచి ఏ వేళకు ఎటు వాలుతుంది, అన్నీ గీతలే. ఆ పటం పట్టుకుని మేడంతో పోట్లాటకు దిగారు.

“మీ పుదీనాని తప్పుడు చోట పెట్టారు!”

“నా పుదీనా, నా ఇష్టం!”

“పటం అబద్ధం చెబుతుందా?”

“నా పుదీనా చెబుతుందా?”

ఈ గొడవల్లో పడి మాస్టారి డబ్బా మూత ఎప్పుడు తెరుచుకుందో, టైపిస్టమ్మ డబ్బాలోకి ఆయన చెయ్యి ఎప్పుడు వెళ్లిందో మేం గమనించనే లేదు.

ఓ పొద్దున నేను పెందలాడే వచ్చాను. మేడం సంచిలోంచి లేత కొత్తిమీర కుండీ తీసి మాస్టారి బల్ల మీద పెట్టి, అక్కడ ఏపుగా పెరిగినదాన్ని సంచిలోకి దించుతూ దొరికిపోయారు. రెండూ అచ్చం ఒకేలాంటి కుండీలు.

“మేడం! ఇదా సంగతి?”

“అరవకు! ఆ మనిషికి ఇంట్లో ఎవరున్నారు నాయనా? ఇప్పుడు వెళ్లిపోతే అక్కడా గోడే చూస్తూ కూర్చుంటారు. ఇక్కడైతే నన్ను తిట్టుకుంటూ అయినా నాలుగు మెతుకులు తింటారు. అందుకే ఇంట్లో వారానికో కుండీ విత్తుతున్నాను.” ఆవిడ గొంతు తగ్గించారు. “మా ఇంట్లో ఇప్పుడు మంచినీళ్లలో తప్ప అన్నిట్లోనూ కొత్తిమీరే. భోజనానికి రమ్మంటే మా ఆయన హడలిపోతున్నారు.”

ఇన్నాళ్లూ ఆవిడది ఉట్టి పిచ్చి అనుకున్నాను. ఆ పొద్దున ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, ఆ సంచి నేనే మోసి బీరువా వెనక దాచాను.

తర్వాత కొన్నాళ్లకి మేడంకి జ్వరం వచ్చి సెలవు పెట్టారు. మార్చే చెయ్యి లేక కొత్తిమీర విజృంభించింది. కుండీ నిండా గుబురుగా పెరిగి గదంతా ఘుమఘుమలాడిపోయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కోతకు వచ్చిందంటే మాస్టారు వెళ్లిపోతారు. మార్చుదామంటే నా దగ్గర లేత కుండీ లేదు, పెంచడం అసలే రాదు.

మేడం మళ్లీ డ్యూటీలో చేరే రోజున ఏదో ఒకటి చేద్దామని అందరికంటే ముందు పరిగెత్తాను. గదిలో మాస్టారు ఒక్కరే ఉన్నారు. కుండీ ఒళ్లో పెట్టుకుని, కొత్తిమీర గుప్పెళ్లతో తుంపి, మేక మేసినట్టు నములుతున్నారు.

“మాస్టారూ! ఏమిటిది?”

ఆయన మింగలేక మింగారు. “ఆవిడ వచ్చి చూస్తే కోతకొచ్చింది అనరూ? కోశాక నేను వెళ్లిపోవాలిగా!”

“అయితే, మేడం కుండీ మారుస్తున్న సంగతి మీకు...”

“పటాలు గీసినవాణ్ణయ్యా. ఏ మొలక ఏ మూల ఉందో నాకు తెలీదా? రెండోసారికే తెలిసింది. ఆవిడ అంత కష్టపడి మోసుకొస్తుంటే, నాకు తెలిసిపోయిందని చెప్పడం ఏం మర్యాద? ఈసారి జ్వరంలో ఇంకో కుండీ విత్తారో లేదో! బుట్టలో పారేస్తే వాసన పట్టేస్తారు. నువ్వూ ఓ గుప్పెడు అందుకో, టైమైపోతోంది.”

అందుకున్నాను. ఇద్దరం దవడలు నొప్పెట్టేలా నమిలాం.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మాస్టారు కుండీ బల్ల మీద పెట్టేసి పటంలోకి తల దూర్చారు. మేడం నీరసంగా, భుజాన సంచితో దిగారు. సంచిలో ఏముందో నాకు తెలుసు. ఆవిడ చూపు బల్ల మీది కుండీ మీద పడింది. మొదళ్లు తప్ప అందులో ఏమీ లేవు. ఆవిడ తెచ్చిన పసిమొక్కలే దానికన్నా పెద్దవి. ఆవిడ సంచి కిందికి దించి, కాలితో మెల్లగా బల్ల కిందికి తోసేశారు.

“ఇంకా ఎదగలేదా మాస్టారూ?”

“ఎక్కడండీ!” అని నిట్టూర్చారాయన. “ఏం చేస్తాం, ఇంకొన్నాళ్లు నేనిక్కడ ఉండాల్సిందే.”

“ఉండండి, తొందరేముంది.”

మేడం ఆయన మొహంలోకి పరీక్షగా చూశారు. తర్వాత నా మొహంలోకీ చూశారు. పెదవులు బిగబట్టినా ఆవిడకి నవ్వు ఆగడం లేదు.

“ముందు ఇద్దరూ వెళ్లి నోళ్లు కడుక్కుని రండి. పళ్లనిండా కొత్తిమీరే.”