చెప్పుల దగ్గర కూర్చున్న అధ్యక్షురాలు

ఈ ఉదయం పక్కింటి పిట్టగోడ మీద గోనెపట్టా ఎండి ఉంది. రోజూ ఈ వేళకు అది తడిగా, తునికాకు కట్టను చుట్టుకుని గడప పక్కన ఉండేది. తడి లేకపోతే బీడీ ఆకు చిట్లిపోతుంది. లేవగానే ఆ ఇంటి పెద్దవ్వ చేసే మొదటి పని ఆకు తడపడమే. నిన్న మధ్యాహ్నం, బీడీల చాట ఒళ్లో ఉండగానే ఆమె చనిపోయింది. గోనెపట్టాను ఎవరు ఉతికి ఆరేశారో తెలియదు.

ఆమె నాకు చుట్టం కాదు. కోరుట్లలో మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టి, కోడలిగా ఇక్కడికి వచ్చి బీడీలు నేర్చుకుంది. మా వాడలో బీడీలు చేసే ఆడవాళ్ల సంఘానికి ఆరేళ్లు అధ్యక్షురాలు. నేను ఆ సంఘానికి రిజిస్టరు పుస్తకం రాస్తాను. కాన్వెంటులో చదివాను, దస్తూరి బాగుంటుంది, ఎక్కువ మాట్లాడను. ఆ పనికి ఇంతకంటే అర్హత అక్కర్లేదని ఆమే నన్ను కూర్చోబెట్టింది.

సంఘాన్ని ఆమె బీడీలు చుడుతూనే నడిపేది. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా వేళ్లు ఆగేవి కావు. కత్తిరించిన ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూ తలెత్తకుండానే "ఇగ చెప్పు" అనేది. సంతకం తప్ప చదువు రాదు. అయినా మీటింగు రోజున ఉతికిన తువ్వాల పరిచి, దాని మీద రిజిస్టరు పెట్టాకే తను కూర్చునేది. "ముందుగాల పుస్తకం కూసోవాలె, ఎన్క మనం" అనేది.

మా సంఘంలో హాజరు పేర్లతో పిలిచేవాళ్లం కాదు, ఇళ్లతో పిలిచేవాళ్లం. వాడలో కోడళ్ల పేర్లు ఎవరు పలుకుతారు? "నల్లా కాడి ఇల్లు" అంటే ఆ ఇంటి నుంచి వచ్చినావిడ "ఉన్న" అంటుంది. అత్తకు కళ్లు మసకబారితే కోడలు వచ్చి అదే చోట కూర్చుంటుంది. కార్ఖానా ఇచ్చే బీడీల కార్డు కూడా అత్త పేరు మీదే నడుస్తుంది. ఇందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, రెండేళ్ల కింద చెదలు పట్టిన పాత రిజిస్టరును కొత్త పుస్తకంలోకి ఎక్కించేదాకా.

సభ్యుల జాబితాలో పెద్దవ్వ పేరు లేదు. ఆమె ఇంటి వరుసలో ఉన్నది వాళ్ల అత్త పేరు. ఆ ముసలమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. నిబంధనల పుస్తకం తీసి చూశాను. సొంత పేరుతో రెండేళ్లు సభ్యురాలిగా ఉన్నవాళ్లే పదవికి నిలబడాలని అందులో ఉంది. అంటే ఆరేళ్లుగా మా అధ్యక్షురాలు సంఘంలో సభ్యురాలే కాదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. దానికి కారణం మా అమ్మ. అంతకుముందు రెండు ఎన్నికల్లోనూ పెద్దవ్వ మీద నిలబడి ఓడిపోయింది అమ్మే. రెండిళ్ల మధ్య కూర గిన్నెలు తిరిగేవి గానీ మాటలు తిరిగేవి కావు. నేను నోరు తెరిస్తే తల్లి కోసం తవ్వి తీసిందంటారు. తెరవకపోతే, కొత్త పుస్తకంలో ఆ వరుస దగ్గర ఏం రాయాలి?

నాలుగో రోజు వెళ్లి చెప్పాను. ఆమె వేళ్లు ఆగిపోయాయి. అవి ఆగగా చూడటం నాకు అదే మొదటిసారి.

"ఎవ్వలకన్న చెప్పినవా, బిడ్డా?"

"లేదు పెద్దవ్వా."

"మరి గిన్ని దినాలు ఎందుకాగినవ్?"

అమ్మ కోసం చేశాననుకుంటారని చెప్పాను. ఆమె చాటలో బీడీలను ఓ పక్కకు జరిపింది. "అనుకునేటోళ్లు అనుకుంటరు. నువ్వు చదివింది నిజమేనా, గది చెప్పు" అంది. నిజమేనన్నాను.

ఏం చేయాలో అడుగుదామని మర్నాడు ఇద్దరం బస్సులో జగిత్యాల పోయాం. సంఘాలు రిజిస్టరు చేసే ఆఫీసులో సారు లేడు. బయట చెట్టు కింద దరఖాస్తులు టైపు చేసే ఆయన మా మాట విని నవ్వాడు. "పాత పుస్తకంల మీ అత్త పేరు కింద నీ పేరు ఒక లైను రాసుకో అవ్వా. గిప్పుడు ఎవలు సూస్తరు?"

"ఈ పిల్ల సూసింది గద" అంది పెద్దవ్వ.

ఆ మాట కోపంగా అనలేదు. లెక్కలోకి రావాల్సిన మనిషిని మరచిపోయాడే అన్నట్టు అంది. వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

ఆదివారం మీటింగుకు అందరికంటే ముందు వచ్చింది. తువ్వాల పరిచింది, పుస్తకం పెట్టింది. తన చోట కూర్చోకుండా గడప దగ్గర, అందరూ చెప్పులు విడిచే చోట కూర్చుంది. "నా పేరు పుస్తకంల లేదు. గిన్నేండ్లు మా అత్త జాగల కూసున్న. గందుకే నేను లేచిన" అని చెప్పింది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకావిడ, "నీకు సదువెప్పుడచ్చింది పెద్దవ్వా?" అని అడిగింది. కొందరు నవ్వారు. పెద్దవ్వ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను తల దించుకునేదాన్నేమో. చూడలేదు కాబట్టి లేచి నిలబడ్డాను. "నేను చదివిన" అన్నాను. మీటింగులో నేను మాట్లాడిన మొదటి మాట అది.

వెనక నుంచి ఎవరో, "ఇగ తల్లికి తొవ్వ వడ్డది" అన్నారు. మా అమ్మ మొహం ఎర్రబడింది.

పెద్దవ్వ అప్పుడు గొంతు పెంచింది. "గా పిల్ల నాకు చెప్పింది. మీకు చెప్తున్నది నేను. అనేదుంటే నన్ను అనుండ్రి."

ఎవరూ ఆమెను అనలేదు. నువ్వే ఉండు, పుస్తకాన్ని మేం దిద్దుకుంటామని సగం మంది బతిమాలారు. "మీరు ఉండుమంటే ఉండేది గాదు. పుస్తకం ఉండనియ్యాలె" అంది. ఉపాధ్యక్షురాలిని పిలిచి ముందు కూర్చోబెట్టింది. ఆరేళ్లలో తన సంతకంతో చేసిన తీర్మానాలన్నీ ఒక్కొక్కటీ చదివించి, మళ్లీ చేతులెత్తించమంది.

నేను చదివాను. పొద్దున్నే కార్ఖానా గుమాస్తా ఆకు ఇవ్వాలన్న తీర్మానం. బాలింతల బీడీలు పక్కింటి వాళ్లు అప్పజెప్పి రావాలన్న తీర్మానం. చదివినప్పుడల్లా చేతులు లేచేవి. తన చేతికి లెక్క లేదు కాబట్టి ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఒక్క తీర్మానమే వీగిపోయింది. మీటింగులో చాయ్ పెడితే ముచ్చట్లతోనే పొద్దు పోతుందని, దాన్ని మాన్పిస్తూ ఆమె పట్టుబట్టి చేయించిన తీర్మానం అది. ఒక్క చెయ్యీ లేవలేదు. ఉపాధ్యక్షురాలు అప్పటికప్పుడే చాయ్ తెప్పించింది. మొదటి కప్పు గడప దగ్గరికి వెళ్లింది. ఆమె ఊదుకుంటూ తాగింది.

చాయ్ తాగాక కొత్త సభ్యురాలిగా చేరింది. నేను పేరు అడిగి రాశాను. ఇరవై ఏళ్లు పక్కనే పెరిగి, సంతకాల్లో తప్ప ఎరగని ఆ పేరును చెవులతో ఆ రోజే విన్నాను. మరుసటి మీటింగు నుంచి హాజరు పేర్లతో పిలవడం మొదలుపెట్టాం. జాబితాలో ఆఖరి పేరు ఆమెది. గడప దగ్గరి నుంచి "ఉన్న" అని గట్టిగా వినపడేది. ఆ రోజు వదులుకున్నదాని గురించి ఆ గొంతులో ఏ గుర్తూ ఉండేది కాదు. ఎంత చదివినా నాకు అర్థం కాని సంగతి అదొక్కటే.

తర్వాతి ఎన్నికలో, సొంత పేరుతోనే సభ్యురాలైన మా అమ్మకు పదవి వచ్చింది. మొదటి రోజు తువ్వాల వంకరగా పరిచింది. పెద్దవ్వ లేచి వచ్చి, ఒక అంచు సరిచేసి, మళ్లీ చెప్పుల దగ్గరికి పోయి కూర్చుంది.

పోయిన నెలతో ఆమె చేరి రెండేళ్లు నిండాయి. వచ్చే ఆదివారం మళ్లీ ఎన్నిక.

చనిపోయిన సభ్యుల పేరు మీద గీత కొట్టి, పక్కన తేదీ వేయడం నా పని. ఇందాక పుస్తకం తెరిచాను. ఆఖరి వరుసలో ఆమె సంతకం గీత దాటి కొంచెం పైకి ఎక్కి ఉంది. ఆ పేజీలో మడిచిన నామినేషను కాగితం ఒకటి ఉంది. పోయిన వారం నేనే రాశాను. అధ్యక్ష పదవికి అని రాసి, ఎదురుగా పెద్దవ్వ పేరు. ప్రతిపాదించేవారు అన్న చోట మా అమ్మ సంతకం ఉంది.