అవ్వ గుర్తుపట్టింది గిన్నెనే

పోయిన ఎండాకాలం మా ఆయన గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే ముందే ఫోన్‌లో చెప్పాడు, ఈసారి గోదారిలో బాప్తిస్మం తీసుకుంటున్నానని. నన్నూ తీసుకోమన్నాడు. మూడేళ్ల పాపను కూడా ఆ దారిలోనే పెంచుదామన్నాడు. బలవంతం ఏమీ చేయలేదు.

"నువ్వు సదువుకున్నదానివి. మంచిగ చూసుకొనే చెప్పు. కాని నేను మళ్ల పోయేలోపల చెప్పు," అన్నాడు.

నాకు ప్రతిదానికీ భయమే. పాప నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఆయన ఫోన్ ఎత్తకపోతే అక్కడి వార్తలన్నీ వెతుకుతాను. అందుకే ఆ మాట విన్నప్పుడు నాకు మొదట దేవుడు గుర్తుకు రాలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు తీర్ల మొక్కితే పిల్ల ఎవరి మాట నమ్ముతుంది? రేపు దానికి జ్వరం వస్తే ఈయన ప్రార్థన చేద్దామని కూర్చుంటే? కొండగట్టు దగ్గరి ఊళ్లో ఉన్న మా అత్తమామలు మళ్లీ మా గడప తొక్కుతారా? తల నిండా ఇవే తిరిగాయి. కాని ఆయన అడిగింది ఇవి కాదు. తాను నమ్మింది నిజమో కాదో చూసి చెప్పమన్నాడు. అది నిజమే అయితే నా భయాలు అడ్డం రాకూడదు. కాకపోతే ఆయన మీది ప్రేమా అడ్డం రాకూడదు.

ఆయన నమ్మకం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. అక్కడి పనివాళ్ల క్యాంపులో ఆయన గదిలో ఉండే జగిత్యాల దిక్కు మనిషి ఒకడు నిద్రలోనే పోయాడు. శవాన్ని ఇంటికి పంపడానికి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది, అక్కడ సెలవు రోజైన శుక్రవారం ఒక గదిలో చేరి ప్రార్థన చేసుకునే క్రైస్తవులు. పోయినవాడు వాళ్లకు చుట్టం కాదు, వాళ్ల భాషవాడు కూడా కాదు. ఆ సంగతి చెప్పినప్పుడు నేనూ ఏడ్చాను. అయినా, వాళ్లు మంచివాళ్లని దానివల్ల తేలుతుంది గానీ రెండు వేల ఏళ్ల కింద ఒక మనిషి చచ్చి లేచాడని తేలదు కదా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "గదే చూడుమంటున్న. ఏసు లేవకపోతె మిగిలినదంత ఉత్తదే," అన్నాడు.

కరీంనగర్‌లో నేను డిగ్రీ చదివింది చరిత్ర. పాత సంగతి ఏది చెప్పినా మా లెక్చరర్ మేడం మమ్మల్ని మూడు ప్రశ్నలు వేసుకోమనేది. ఎవరు చెప్పారు, ఎంత కాలానికి చెప్పారు, చెప్పినందుకు వాళ్లకేం వచ్చింది. పాప పడుకున్నాక, ఆయన పంపిన బైబిల్లో ఏసు కథ చెప్పే నాలుగు సువార్తలూ ఆ ప్రశ్నలతోనే చదివాను. మూడో రోజు పొద్దున్నే ఏసు సమాధి దగ్గరికి ఎంతమంది ఆడవాళ్లు పోయారో నాలుగింటిలో ఒకే లెక్క లేదు. అక్కడ వాళ్లకు కనబడ్డ దేవదూతలు ఒకరా ఇద్దరా అన్నదీ కలవదు. రాసింది కూడా జరిగిన చాలా ఏళ్లకు. ఇదంతా ఆయనకు ఫోన్‌లో చెప్తే ఓపిగ్గా విని, లేచిన ఏసును మొదట చూసింది ఆడవాళ్లే కదా అన్నాడు. ఆ కాలంలో ఆడదాని మాట ఎవరూ లెక్కచేయరు, కల్పించేవాళ్లయితే పెద్దమనుషులను పెట్టుకునేవాళ్లు, పోయి పోయి ఆడవాళ్లను ఎందుకు పెడతారు అన్నాడు. అది మంచి మాటే. కాని కథలు చెప్పగా చెప్పగా పెరుగుతాయని మాత్రం గట్టిగా అన్నాను.

ఎంత పెరుగుతాయో చూడటానికి మా ఇంట్లోనే ఒక కథ ఉంది.

మా బాపు, అంటే నాన్న, మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు; గనిని మేం బాయి అంటాం. నేను పాకే వయసులో ఉన్నప్పుడు బాయిలో కప్పు కూలి ఆయన లోపల చిక్కుకున్నాడు. చేతికి కొండగట్టు అంజన్న గుడిలో కట్టిన దారం ఉంది. నెత్తి మీది లైటు ఆరిపోయింది. అప్పుడు చీకట్లో ముందర ఎవరో నడుస్తూ దారి చూపారు. బయటపడ్డాక చూస్తే ఆ మనిషి లేడు. మా వైపు ఏ పెళ్లి జరిగినా భోజనాలయ్యాక ఈ కథ రావాల్సిందే. మా ఆయన వచ్చేలోపు పాపను తీసుకుని అవ్వగారింటికి పోయాను; మా దిక్కు అమ్మనే అవ్వ అంటాం. కథలోని మనిషి బతికే ఉన్నాడు, అడగాలని ఇన్నేళ్లూ నాకే తోచలేదు.

బాపు మంచం మీద కూర్చుని పాపకు తాటిముంజలు ఒలిచి పెడుతున్నాడు. ముందర నడిచిన మనిషి ఎట్లున్నాడని అడిగాను.

"మనిషేడి? లైటారిపోయింది. గాలి వీపుకు తాకుతున్నది. గాలి పోయే దిక్కు పోతె గాలి బయటికి గుంజే ఫ్యాను కాడ తేల్తమని బాయిల అందరికెరుకనే. గోడ పట్టుకొని పోయిన."

"మరి గా మనిషి కథలకెక్కడికెళ్లి వచ్చిండు?"

"మీ మేనమామ తెచ్చిండు. ఎవలదో పెండ్లిల."

అప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు కదా అంటే ఉన్నానన్నాడు. అందరూ చెవులు రిక్కించి వింటున్నారట, మధ్యలో తానెందుకు చెడగొట్టాలనుకున్నాడట. దారం సంగతి కూడా అబద్ధమేనా అన్నాను. ఆయన ముంజ ఒలవడం ఆపి నా వైపు చూశాడు. "దారం ఉండె. గా గాలిచ్చినోడెవడే?" అన్నాడు.

నాకు కావాల్సింది దొరికిందనుకున్నాను. చూసినవాడు బతికి ఉండగా, అదే పందిట్లో కూర్చుని తలూపుతుండగా, కథలోకి లేని మనిషి వచ్చి చేరాడు. ఇక రెండు వేల ఏళ్ల మాట చెప్పాలా? ఆ సంతోషంలోనే ఉండి, అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అవ్వను ఊరికే అడిగాను, ఆ రోజు నువ్వేం చూసినవని.

"నన్నెవలడిగిండ్రు ఇన్నొద్దులు?" అంది.

అడుగుతున్నాను కదా అన్నాక మెల్లగా చెప్పింది. బాయిలోకి దిగేవాళ్లు నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటారు, ఆ బిళ్లను లైట్ల గదిలోని పలకకు తగిలిస్తారు. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ల వెనక్కి తీసుకుంటారు. షిఫ్టు అయిపోయాక కూడా బిళ్ల పలక మీద వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కప్పు కూలిందని తెలిసి కాలనీ ఆడవాళ్లంతా బాయి మూతి దగ్గరికి ఉరికారు. బాపు బిళ్ల పలక మీదే ఉందని లైట్ల గది నుంచి కబురు వచ్చింది. ఇక ఎవరికీ అనుమానం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు అవ్వను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. ఫ్యాను దిక్కు తేలిన బాపు తుప్పల్లోంచి నడిచి, ఇక్కడ మంది కనబడితే ఇంకెవరో చిక్కారనుకుని వచ్చి వాళ్ల మధ్యలోనే నిలబడ్డాడు.

"ఎన్కకెళ్లి ఎవలో, లోపట ఎవలు చిక్కిండ్రని అడిగిండు. నా పెనిమిటే అని చెప్పిన. తిరిగి చూస్తె మొకమంత బొగ్గు, నెత్తురు. గుర్తువట్టలే. బాయి మూతికి అడ్డమున్నడని, జర జరుగే అన్నా, కనవడ్తలేదు అని కసిరిన."

"బాపును అన్నా అని పిలిచినవా?"

"పిలిచిన." అవ్వ చింతపండు మీదినుంచి కళ్లెత్తలేదు. "ఆయనకు మాట రాలే. నడుముకున్న సద్ది గిన్నె ఇప్పి నా చేతుల పెట్టిండు. నేను గిన్నెను గుర్తువట్టిన బిడ్డా, మనిషిని కాదు. కట్టుకున్నోన్ని గుర్తువట్టకపోతివా అని నవ్వుతరని ఎవలకు చెప్పలే."

లోపలినుంచి బాపు గొంతు వినబడింది. "నేను సుత చెప్పలే. గా యేడు రాఖీల పున్నానికి మాత్రం మీ అవ్వ దిక్కు చూసిన, కడ్తదేమోనని."

అవ్వ ఒక చింతగింజ తీసి గుమ్మంలోకి విసిరింది. నేను నవ్వాను గానీ, నవ్వుతుంటేనే సువార్తల్లో చదివిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. నాలుగో సువార్తలో సమాధి బయట ఏడుస్తూ నిలబడ్డ ఆడమనిషి, ఏసు ఎదుటికొస్తే గుర్తుపట్టదు. తోటమాలి అనుకుని మాట్లాడుతుంది. చదివినప్పుడు అది నాకు పిట్టకథలాగే తోచింది. అంత దగ్గరి మనిషిని ఎవరైనా గుర్తుపట్టకుండా ఉంటారా అని, అనుమానమున్న చోటల్లా గీసినట్టే, పక్కన పెన్సిల్ గీత కూడా గీసుకున్నాను. మా అవ్వ ఆ పుస్తకం ముట్టి ఎరుగదు. మా ఇంటి కథలో తర్వాత వచ్చి చేరింది నలుగురూ మెచ్చుకునే భాగం. జరిగిందేమో, సిగ్గుతో దాచుకున్న భాగం. ఆ పుస్తకంలో తోటమాలి మాట, ఏసును పట్టుకున్నప్పుడు దోస్తులందరూ పారిపోయిన మాట, చెప్పినవాళ్లకు పరువు తెచ్చేవి కావు. మేడం మూడో ప్రశ్నకు అక్కడ జవాబు, ఏమీ రాలేదనే.

మా ఆయన వచ్చాక మందమర్రిలోనే, బాప్తిస్మానికి ముందు రోజు, ఇదంతా చెప్పాను. రెండు కథలూ చెప్పాను, లేని మనిషి వచ్చి చేరిన కథా, గిన్నె కథా. ఆయన కళ్లు మెరిశాయి. అయితే నమ్ముతున్నట్టేనా అని అడిగాడు.

"సమాధి కాడి ఆమె ఎవలనో చూసింది. చూసిందే చెప్పింది. గంతవరకు నమ్ముత," అన్నాను. "కాని మా బాపు చచ్చి లేవలే. బిళ్ల పలక మీద ఉన్నది నిజం. దాన్ని చూసి లోపటనే ఉన్నడనుకున్నది తప్పు. సమాధి ఖాళీగ ఉన్నదన్నా నాకు గంతే తెలుస్తది. అటెన్క నేను పోలేను. తెల్వకుంట నీళ్లల్ల దిగలేను."

ఆయన నొచ్చుకున్నాడని నాకు తెలుసు. పాప సంగతి ఏమిటన్నాడు. అది పెద్దదై అడిగితే ఆయనకు తెలిసింది ఆయన చెప్పాలి, నాకు తెలిసింది నేను చెప్తాను, అప్పటిదాకా దాన్ని ముంచొద్దన్నాను. జ్వరం వస్తే ముందు దవాఖానకే అని కూడా అన్నాను. "నాకు జ్వరమొస్తె గోలి మింగకుంట ఉంటున్ననా? నీ ఫికర్ నీదే," అని విసుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒడ్డు దాకా వస్తావా అని అడిగాడు. వస్తానన్నాను.

మంచిర్యాల దగ్గర గోదారిలో నీళ్లు నడుము లోతే. పాపను చంకనేసుకుని, ఆయన తువ్వాల, పొడి బట్టలు, ఫోన్ పట్టుకుని ఇసుకలో నిలబడ్డాను. పాస్టర్ ఆయన భుజం పట్టుకుని వెనక్కి ముంచి లేపాడు. రెప్పపాటే. ఆ రెప్పపాటూ నేను ఊపిరి తీసుకోలేదు. తర్వాత ఒడ్డున అందరం కలిసి ఫోటో దిగాం.

సాయంత్రానికి మా అత్తమ్మ ఫోన్. ఏడుస్తూ ఉంది. చర్చి సంఘంవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో పెట్టి, కుటుంబమంతా బాప్తిస్మం తీసుకుందని రాశారట. అది చేతులు మారి వాళ్ల ఊరికి చేరింది. ఊళ్లో ఇంకో అడుగు ముందుకేసి, నేను మెడలో నల్లపూసలు కూడా గోదారిలో పారేశానని చెప్పుకుంటున్నారట. నల్లపూసలు అప్పుడు నా మెడలోనే ఉన్నాయి. నేను చెప్పబోతుంటే ఆయన ఫోన్ తీసుకున్నాడు.

"అవ్వా, నేనొక్కన్నే తీసుకున్న. అది ఒడ్డు మీదనే ఉన్నది. పిల్ల దాని చంకలనే ఉన్నది," అన్నాడు. అత్తమ్మ తిట్లన్నీ ఆయన ఒక్కడికే పడ్డాయి. నిలబడి విన్నాడు.

ఆ తర్వాత గ్రూపులో, నా భార్య, పాప తీసుకోలేదు, దయచేసి దిద్దండి అని రాశాడు. కాసేపటికి పాస్టర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నాకూ వినబడింది. ఇవాళ కాకపోతే రేపు ఆమె కూడా వస్తుంది కదా తమ్ముడూ, అట్లే ఉంచితే మిగతావాళ్ల విశ్వాసం బలపడుతుంది అన్నాడు. మెత్తగానే అన్నాడు. మా ఆయనకు ఈ నమ్మకంలో తోడు వాళ్లు తప్ప ఇక్కడ ఎవరూ లేరు. సొంత తల్లి అప్పుడే ఫోన్ పెట్టేసింది.

"వద్దు అయ్యగారు. కానిది అయ్యిందని మనం ఉంచితె, అయినదాన్ని ఎవలు నమ్ముతరు?"

ఫోటో కింద మాట ఆ రాత్రికి మారింది. ఆయన సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు మళ్లీ అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నేను గీతలు గీసిన బైబిల్ మాత్రం తనతో తీసుకుపోకుండా బీరువా మీద ఉంచి వెళ్లాడు. తోటమాలి అన్న చోట పక్కన నేను గీసిన గీతను రబ్బరుతో తుడిచేశాను. మిగతా గీతలు అట్లే ఉన్నాయి. ఆయన ఫోన్ చేసినప్పుడు వాటి మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.